పళ్ళు పంపే ఇళ్ళు

కోనసీమవాళ్ళ మర్యాద గురించి బయటివాళ్ళు ముచ్చటపడి మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మాటమాటకీ ‘అండీ’ అంటారట, ఏం చెప్పినా ‘ఆయ్’ అంటారట, గుమ్మంలోకి వచ్చినవాళ్ళని కడుపు నింపకుండా పంపరట. అన్నీ నిజమే. నేనూ ఆ నేల మీదే పుట్టాను, నాకూ ఆ అలవాట్లే. కానీ ఆ మర్యాద చాటున ఏముందో తెలియాలంటే క్రిస్మస్‌కి మా ఇంటికి రావాలి. మా అమ్మ ఊళ్ళోకి పంపించే పళ్ళేలు ఎలా సర్దుతుందో చూడాలి.

మాది క్రైస్తవ కుటుంబం. ముత్తాతగారు ఇక్కడి చేలల్లో కూలి చేశారు. తాతగారు మిషన్ బడిలో చదువుకుని అదే బడిలో పంతులయ్యారు. అమ్మ హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరైంది. నేను అమలాపురంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. ఇంతమంది ఇంత చదువు చదివి ఏటా డిసెంబరులో మేం చేసే పని ఇదీ అని రాయడానికి నాకు సిగ్గు కంటే కోపమే ఎక్కువగా ఉంది.

మా ఇంట్లో పండగ నక్షత్రంతో మొదలవుతుంది. ఇప్పుడు బజార్లో ప్లాస్టిక్‌వి బోలెడు దొరుకుతున్నా అమ్మ ససేమిరా అంటుంది. వెదురుబద్దలు చీల్చి కట్టి, రంగుకాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, డాబా మీద పొడుగాటి సరుగుడు కర్రకి ఎక్కించాల్సిందే. ఆ తర్వాత రాజోలు వైపునుంచి పిన్ని దిగుతుంది. ఆవిడ వచ్చిందంటే ఇక వంటింట్లో మా మాట చెల్లదు. బియ్యం నానబోయడం, తడారకముందే మరపట్టించుకు రావడం, జల్లించడం, బెల్లం పాకం పట్టడం అన్నీ ఆవిడ కనుసన్నల్లోనే జరగాలి. అరటాకు మీద నేను వత్తితే పిన్ని నూనెలో వేస్తుంది, అమ్మ చెక్కల మధ్య పెట్టి నూనె పిండేస్తుంది. మా ముగ్గురికీ ఈ వరస ఎప్పుడు కుదిరిందో గుర్తులేదు. అరిసెలయ్యాక జంతికలు, ఆ తర్వాత పోకుండలు. మొదటి వాయి తీయగానే అమ్మ కళ్ళు మూసుకుని రెండు ముక్కలు ప్రార్థన చేస్తుంది. అప్పటిదాకా ఎవరూ నోట్లో వేసుకోకూడదు.

ఇంతవరకూ ఏ ఇంట్లోనైనా ఉండే ముచ్చటే. నా కోపం పంపకాల దగ్గర మొదలవుతుంది.

పండగ ముందురోజు మధ్యాహ్నం అమ్మ వంటింటి గట్టు మీద స్టీలు పళ్ళేలన్నీ పరిచి రెండు రకాలుగా సర్దుతుంది. ఒక రకం వాటిలో అరిసెలు, జంతికలు, పోకుండలు, కేకు ముక్క. అవి మా పేటకీ, చుట్టాలకీ, అమ్మతో పనిచేసినవాళ్ళలో కొందరికీ. రెండో రకం వాటిలో కమలాలు, యాపిల్స్, ద్రాక్షగుత్తి, చక్రకేళి అరటిపళ్ళు. అవి మిగతావాళ్ళకి. అమ్మ అల్లిన లేసుగుడ్డ మాత్రం అన్నిటి మీదా ఒక్కలాగే కప్పుతుంది. ఎవరింటికి ఏది వెళ్ళాలో ఆవిడ ఎవరినీ అడగదు, తడుముకోదు. పిన్నీ అమ్మా మాట్లాడుకునేటప్పుడు ఈ రెండో రకం వెళ్ళే ఇళ్ళని ‘పళ్ళు పంపే ఇళ్ళు’ అంటారు. పళ్ళు పొయ్యెక్కవు కదా. తోటలో కాసి, బజారు మీదుగా వచ్చి, మా చేతులు ఊరికే అలా తగిలి వెళతాయి. అంచేత వాటికి దోషం లేదు.

చిన్నప్పుడు అడిగాను, వాళ్ళకి అరిసెలెందుకు ఇవ్వవని. వాళ్ళు బయట తినరమ్మా అని అమ్మ చెప్పింది. సరే కాబోలు అనుకున్నాను. కొన్నాళ్ళకి అమలాపురం బస్టాండు పక్కన బజ్జీల బండి దగ్గర ఆ ఇళ్ళలో ఒకావిడ పొట్లం పట్టుకుని, వేడి ఊదుకుంటూ మిరపకాయ బజ్జీ తినడం చూశాను. ఆ బండివాడిది ఏ ఊరో, ఏ పేటో ఆవిడ కనుక్కున్నట్టు లేదు. అంటే బయట తినకపోవడం కాదు, ‘బయట’ అంటే మా ఇల్లన్నమాట. ఆ మాట ఇంటికొచ్చి అంటే అమ్మ నా నోరు మూయించింది.

ఆ బజ్జీ తిన్నావిడ మా లెక్కల టీచరుగారు.

ఆవిడ గురించి చెడ్డగా రాయడానికి నాకు చెయ్యి రాదు. అమ్మ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇద్దరిదీ ఒకే బడి, స్టాఫ్‌రూంలో పక్కపక్క కుర్చీలు. లెక్కలంటే హడలిపోయే నన్ను సాయంత్రాలు వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టుకుని, విసుక్కోకుండా, నాకు అర్థమయ్యేదాకా చెప్పిన మనిషి. నాన్న పోయినప్పుడు సమాధుల తోటదాకా మాతో నడిచి వచ్చి, అమ్మ చెయ్యి వదలకుండా నిలబడ్డ మనిషి. వాళ్ళది వేదం చదువుకున్న కుటుంబం. దసరాకి వాళ్ళింటి పులిహోర, గారెలు మాకు రావాల్సిందే. మేం ప్రసాదం పుచ్చుకోమని ఆవిడకి తెలుసు. అందుకని నైవేద్యం పెట్టకముందే మా వాటా విడిగా తీసి, “ఇది దేవుడి దగ్గర పెట్టలేదండీ, ముందే తీసేను” అని మరీ చెప్పి ఇచ్చేది. మా నమ్మకం గురించి ఇంత ఆలోచన చేసిన మనిషి ఆ ఊళ్ళో మరొకరు లేరు. ఆ పులిహోర అమ్మ మా అందరికీ వడ్డించి, ప్రార్థన చేసి, మెతుకు కింద పడకుండా తినేది.

నాకు కడుపు రగిలేది అక్కడే. మా నోటి గురించి అంత పట్టింపు ఉన్న మనిషికి, మా చేతి గురించి మాత్రం నోరు పెగలలేదు. వాళ్ళ పొయ్యి మీద ఉడికింది మాకొచ్చింది, మా పొయ్యి ఎక్కనిది వాళ్ళకెళ్ళింది. ఇన్నేళ్ళ స్నేహంలో అటునుంచి ఇటు వచ్చిన దారిలో ఇటునుంచి అటు ఒక్క అరిసె వెళ్ళలేదు. దీన్ని స్నేహం అనాలో, ఇంకేమైనా అనాలో నాకు తెలియదు. అమ్మ మాత్రం స్నేహమనే అంటుంది.

క్రిస్మస్ నాడు మేం గుడిలో ఆరాధన ముగించుకుని వచ్చేసరికి లెక్కల టీచరుగారు బేకరీ కేకు పట్టుకుని వచ్చేది. హాల్లో కుర్చీలో కూర్చునేది. అమ్మ అప్పటికే కొబ్బరిబొండాం తెప్పించి ఉంచేది. మా కోనసీమలో కొబ్బరిబొండాం కాపాడినన్ని పరువులు మరేదీ కాపాడలేదు. మంచినీళ్ళిస్తే పుచ్చుకోవాలా వద్దా అని వాళ్ళు ఇబ్బంది పడాలి, టీ ఇస్తే ఇప్పుడే తాగేనండి అని అబద్ధమాడాలి. బొండానికి ఆ బాధ లేదు. చెట్టునుంచి దిగుతుంది, కత్తితో చెక్కుతారు, స్ట్రా వేస్తారు, ఎవరి పరువూ పోదు. ఆవిడ తాగి, ఎంత తియ్యగా ఉన్నాయోనండీ అనేది. అమ్మ ఆయ్ అనేది. వంటింట్లో వారం రోజులు ముగ్గురం చెమటలు కక్కుకుంటూ చేసిన పిండివంటల డబ్బాలు వరసగా ఉండేవి. వాటి వాసన హాల్లోకి వస్తూనే ఉండేది. ఆ వాసన రానట్టే ఇద్దరూ బడి కబుర్లు చెప్పుకునేవారు.

మొన్నటి క్రిస్మస్‌కి ఇదంతా మారింది. అరిసెలు వత్తుతుండగా అమ్మ ఉన్నట్టుండి అంది, “ఆవిడ ఒక్కసారి మనింట్లో చేసినవి తింటే చూడాలనుందే” అని. మోకాళ్ళ నొప్పులతో ఆ ఏడు స్టూలు మీద కూర్చుని చెక్కలు నొక్కుతోంది. ఇంకెన్ని క్రిస్మస్‌లు ఇలా కూర్చుని చేయగలనో అని అంతకుముందే ఒకసారి అనుకుంది. ఆ మాటకి పిన్ని తల ఎత్తలేదు.  మా అమ్మ జీవితంలో ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. ఆవిడకి మిగిలిన కోరిక తన స్నేహితురాలు తన వంట తినాలని! ఇది కోరికగా మిగలడమేమిటి? ఎవరు మిగిల్చారు దీన్ని? పిండి ముద్ద చేతిలో ఉండగానే నిర్ణయించుకున్నాను, ఈసారి బొండాం తెప్పించేది లేదని.

పండగనాడు ఆవిడ వచ్చింది. ఎప్పటిలాగే నా బుగ్గ పుణికి, నీ తల అప్పుడే నెరిసిపోతోందేమే అని నవ్వి, కుర్చీలో కూర్చుంది. అమ్మ నా వైపు చూసింది, బొండాం ఏదీ అన్నట్టు. నేను వంటింట్లోకి వెళ్ళి పళ్ళెంలో అరిసెలూ జంతికలూ పెట్టి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, టీచరుగారి ముందు బల్ల మీద పెట్టాను. “అమ్మ చేసిందండి. మీరు తినాలని ఉందట” అన్నాను.

అమ్మ మొహం పాలిపోయింది. నన్ను కొట్టేస్తుందేమో అనిపించింది. టీచరుగారు పళ్ళెం వైపు కాసేపు చూసింది. వీధి తలుపు బార్లా తీసి ఉంది. పండగ కదా, వచ్చేపోయేవాళ్ళు, ఎదురింటి మెట్ల మీద కూర్చున్నవాళ్ళు కనిపిస్తున్నారు. ఆవిడ అటు కూడా ఒకసారి చూసింది. తర్వాత తనే లేచి పళ్ళెం చేతిలోకి తీసుకుని, “ఇక్కడెందుకండీ, వంటింట్లో కూర్చుందాం” అంది.

నేను పొంగిపోయాను. దాచడమెందుకు, గెలిచాననే అనుకున్నాను. మా వంటింట్లో అడుగుపెట్టని మనిషి వచ్చి అమ్మ స్టూలు మీద కూర్చుంది. ఒక అరిసె తిని, ఇంకోటి కూడా తీసుకుంది. నువ్వులు బాగా పడ్డాయంది. పాకం ఎలా పట్టారని పిన్నిని అడిగింది. మంచినీళ్ళు తాగింది. అమ్మ కూర్చోవడానికి చోటు లేక గోడకి ఆనుకుని నిలబడి, ఆవిడ నమిలే ప్రతి ముక్కనీ చూస్తోంది. ఆ మొహంలో అంత వెలుగు నాన్న ఉన్నప్పుడు కూడా నేను చూడలేదు.

తిన్నాక టీచరుగారు సింకు దగ్గర చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, చీరకొంగుతో పెదవులు శుభ్రంగా తుడుచుకుంది. నూనె మరక ఏమైనా ఉందేమోనని కొంగు వెలుతుర్లో పట్టి చూసుకుంది. అప్పుడు అమ్మ దగ్గరికి వచ్చి మెల్లిగా అంది, “మా ఇంట్లో అనకండేం టీచరుగారండీ.”

“ఆయ్, అలాగేనండి” అంది అమ్మ.

నాకు అప్పుడు బోధపడింది, ఆవిడ వంటింట్లోకి ఎందుకు వచ్చిందో. అది చనువు కాదు. వీధి తలుపులోంచి కనపడని చోటు అదొక్కటే.

ఆవిడ వెళ్ళాక అమ్మకీ నాకూ పెద్ద రగడ జరిగింది. పండగపూట నోరు పారేసుకోకు అని పిన్ని సర్దబోయింది కానీ నేను వినలేదు. దొంగతనంగా తినడానికి మనింటి అరిసె ఏమైనా సారాయా అన్నాను. అమ్మ అప్పటికీ నవ్వుతూనే ఉంది. ఆవిడకి ఇంట్లో ఎంత ఇబ్బందో నీకేం తెలుసు, ఆ ఇబ్బందిలో కూడా నాకోసం తింది కదా అని అంది. ఆవిడ ఇబ్బంది ఆవిడ పడాలి గానీ ఇన్నేళ్ళుగా మనమెందుకు మోస్తున్నామని అడిగాను. ఇంగువ కట్టిన గుడ్డకి వాసనలా ఈ అలవాటు మనకి పట్టేసిందని, ఎవరూ కాదనకముందే మనల్ని మనమే కాదనుకుంటున్నామని, పళ్ళు కొనుక్కొచ్చి మరీ వాళ్ళ పని సులువు చేస్తున్నామని అరిచాను. అమ్మ సాయంత్రానికి టీచరుగారింటికి పంపాల్సిన పళ్ళెం సర్దడం మొదలుపెట్టింది. మిగతా ఇళ్ళకి ముందురోజే వెళ్ళినా, ఆ ఒక్క ఇంటికీ ఆవిడ వచ్చి వెళ్ళాక, మా ఇంటి మనిషి స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చి రావడం ఏటా ఆనవాయితీ. కమలాలు పేర్చి, ద్రాక్ష పెట్టి, పైన లేసుగుడ్డ కప్పింది. పొద్దున్న అరిసెలు తిన్న మనిషింటికి మళ్ళీ పళ్ళు!

అమ్మ మందులేసుకోవడానికి గదిలోకి వెళ్ళగానే నేను పళ్ళన్నీ బుట్టలోకి తీసేసి, పళ్ళెం నిండా అరిసెలు పేర్చి, గుడ్డ కప్పి బయల్దేరాను. పిన్ని చూసింది.

కాలువ వంతెన దాటితే వాళ్ళ వీధి. అరుగు మీద పడక్కుర్చీలో టీచరుగారి భర్త పేపరు చదువుకుంటున్నారు. చాలా మంచి మనిషని ఊరంతా అనుకునే మనిషి. నన్ను చూడగానే పేపరు మడిచి, రామ్మా, రా, హ్యాపీ క్రిస్మస్ అన్నారు. అమ్మగారి మోకాళ్ళెలా ఉన్నాయని అడిగారు. ఏదో ఆయుర్వేదం నూనె పేరు కూడా చెప్పారు. నేను పళ్ళెం ఆయన పక్కనున్న బల్ల మీద పెట్టి గుడ్డ నేనే తీశాను.

ఆయన మొహం కూడా చిట్లించలేదు. “ఎందుకమ్మా శ్రమ” అన్నారు మాత్రం, చాలా మృదువుగా. ఆ తర్వాత లోపలికి తిరిగి, ఇదిగో, అమ్మాయొచ్చింది అని పిలిచారు. పళ్ళెం జోలికి వెళ్ళకుండా పేపరు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

టీచరుగారు గుమ్మంలోకి వచ్చింది. అరిసెలు చూసింది. నన్ను చూసింది. ఒక్క క్షణం ఆవిడ ఏదో అంటుందనుకున్నాను. ఏ మాటైనా సరే. బాగుంటాయండీ తినండి అని ఆయనతో అన్నా చాలు. కనీసం ఊరుకున్నా చాలు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పిన గొంతుతోనే, అంత ప్రేమగానూ అడిగింది.

“ఏమ్మా, ఈసారి పళ్ళు దొరకలేదా?”

పొద్దున్న ఆవిడ తుడుచుకున్న కొంగు అదే. చీర కూడా మార్చలేదు. చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని రెండు తిన్నారు కదండీ అంటే అయిపోయేది. ఆయన మొహం ఎలా మారుతుందో చూడాలని కూడా ఉంది. కానీ అమ్మ ‘అలాగేనండి’ అని మాటిచ్చింది. ఆ మాట ఆవిడకిచ్చింది అమ్మే గానీ నేను కాదని తెలిసినా, దాన్ని తెంచడానికి నాకు నోరు రాలేదు. అబద్ధం ఆడటానికి మాత్రం ఒప్పుకోలేదు.

“దొరికేయండి. ఇంట్లో ఉన్నాయి. ఇవి అమ్మ చేసిందండి” అన్నాను.

 చివరికి ఆయనే ఆదుకున్నారు. ఇద్దరికీ షుగరమ్మా, డాక్టరు తీపి ముట్టుకోవద్దన్నాడు, అనవసరంగా పాడైపోతాయి, ఇంట్లో చుట్టాలున్నారు కదా వాళ్ళకి పెట్టండి అన్నారు. మా పళ్ళేల్లో ఏటా వెళ్ళిన ద్రాక్షకీ చక్రకేళికీ లేని షుగరు! టీచరుగారు ఆ మాట వింటూ కాళ్ళవైపు చూసుకుంటోంది. ఆవిడే వంగి లేసుగుడ్డ తీసి, ముడతలు పడకుండా సరిచేసి, పళ్ళెం మీద మళ్ళీ కప్పింది. కప్పి నా చేతికిచ్చింది. అంత మర్యాదగా నన్ను ఎవరూ ఎప్పుడూ వెనక్కి పంపలేదు.

వంతెన మీద అరిసెల్ని కాలువలోకి విసిరేద్దామనుకున్నాను పళ్ళెంతో సహా. అమ్మ నడుం వంచి నొక్కిన అరిసెలని గుర్తొచ్చి ఆగాను. ఆవిడ మీద కోపం, ఆయన మీద కోపం, ఆ నూనె పేరు మీద కూడా కోపం. అన్నిటికంటే, పొద్దున్న అమ్మ మొహంలో నేను చూసిన వెలుగు నా చేతులతోనే ఆర్పేయడానికి పోతున్నానని కోపం. ఇవి మా ఎదురింట్లో ఇచ్చేసి వెళ్ళి, టీచరుగారింట్లో ఇచ్చేశానని అమ్మతో చెబితే సరిపోతుంది కదా అని కూడా అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా మండింది. మళ్ళీ ఇంకొకరి పరువు కాపాడటమేగా అది.

అమ్మ వీధి గుమ్మంలోనే కూర్చుని ఉంది. బుట్టలో పళ్ళు చూసినట్టుంది, నేనేం చేశానో అప్పటికే తెలిసిపోయింది. నేను పళ్ళెం ఆవిడ పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఏమన్నారో చెప్పాను. టీచరుగారు ఏమడిగిందో కూడా చెప్పాను. అమ్మ అంతా విని, “పళ్ళు దొరకలేదా అందా?” అని మాత్రం అడిగింది. అవునన్నాను.

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ ఇబ్బంది ఆవిడది అని మళ్ళీ వెనకేసుకొస్తుందేమోనని కూడా భయపడ్డాను. అమ్మ గుడ్డ తీసి ఒక అరిసె తీసుకుని, అక్కడే, వీధిలోకి చూస్తూ, నెమ్మదిగా తినేసింది. ఎదురింటి మెట్ల మీద ఆడుకుంటున్న పిల్లల్ని పిలిచి మిగతావి పంచిపెట్టింది. ఖాళీ పళ్ళెం నా చేతికిచ్చి, గోడ పట్టుకుని లేచింది.

“వచ్చే ఏడు పళ్ళు కొనకు, ఎవరికీ” అంది. “ఆవిడ మళ్ళీ వస్తే హాల్లోనే పెట్టు. వీధి తలుపు తీసే ఉంచు.”